తెరచాప గదిలో అల్లుడికి కుర్చీ లేదు

సోమవారం లోపు వెంగ్ హోన్ చెయ్యాల్సిన పనులు ఇవి:

తాళ్ళున్న బూట్లు కొనుక్కోవాలి. హవాయి చెప్పులతో లోపలికి రానివ్వరట.
జుట్టు కత్తిరించుకోవాలి.
పగలు మేలుకుని రాత్రి పడుకోవడం మళ్ళీ అలవాటు చేసుకోవాలి.
సోడా మూతల్ని దొంతరగా పేర్చి, చూడకుండా వేళ్ళతోనే లెక్కపెట్టడం నేర్చుకోవాలి.
అద్దం ముందు కూర్చుని, మంచి ముక్కలు వచ్చినట్టు ఊహించుకుంటూ ముఖం కదలకుండా ఉంచాలి.
ఓడిపోతే స్క్రీన్‌ని తిట్టినట్టు మనుషుల్ని తిట్టకూడదు.
అమ్మకి చెప్పాలి.

చివరిది తప్ప అన్నీ చేశాడు.

మకావ్‌లో తైపా పాతబజారు వెనక మేడమీది గదిలో ఉంటాడు వెంగ్ హోన్. వాళ్ళమ్మ ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆ ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాడు అతనే. లెక్కల్లో డిగ్రీ తీసుకున్నాడు. కొడుకు ఇంట్లోంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడని అమ్మ అందరికీ చెప్పుకుంటుంది. అబద్ధం కాదు. కంప్యూటర్ ముందే కూర్చుంటాడు. ఒకేసారి ఎనిమిది బల్లల మీద ఆన్‌లైన్ పోకర్ ఆడి, ఇంటి అద్దె, అమ్మ మోకాళ్ళ మందులు, అన్నీ అందులోంచే తెస్తాడు.

ఒక ఉదయం ఆ సైటు తెరుచుకోలేదు. మీ ప్రాంతంవాళ్ళకి ఇకమీదట సేవలు అందించలేమని ఎంతో మర్యాదగా రాసిపెట్టారు. ఆట మాత్రం చేతిలోనే ఉంది. కాకపోతే దాన్ని మనుషుల ముందు కూర్చుని ఎప్పుడూ ఆడలేదు.

అలా సోమవారం మధ్యాహ్నం, కొత్త బూట్లు కరుస్తుండగా, 'నీలి ముత్యం' కాసినోలోని పోకర్ గదిలో వచ్చి కూర్చున్నాడు.

పేక పంచుతున్న అమ్మాయి పేరు సన్ యీ. చొక్కా మీద పేరుబిళ్ళ ఉంది కాబట్టి తెలిసింది. ఆమె చేతుల్లోంచి ముక్కలు గాలిలో జారినట్టు వచ్చి సరిగ్గా ఎవరి ముందు వాళ్ళకి ఆగుతున్నాయి. వెంగ్ హోన్ వాటినే చూస్తూ తన వంతు వచ్చిందని మరిచిపోయాడు.

"సార్, మీ వంతు."

రెండు ఆసులు. అద్దం ముందు సాధన చేసిన ముఖం పెట్టి, ఒక పెద్ద పందెం బిళ్ళ తీసి దర్జాగా మధ్యలోకి విసిరాడు.

"కాల్," అంది సన్ యీ. ఉన్న పందేనికి సరిపెట్టాడని దానర్థం.

"కాల్ కాదండీ, నేను రెయిజ్ చేశాను. పందెం పెంచాను."

"నోటితో చెప్పారా?"

"చెప్పలేదు. కానీ పెద్ద బిళ్ళ వేశాను కదా."

"ఒక్క బిళ్ళ వేసి మాట్లాడకపోతే అది కాల్ కిందే లెక్క సార్. రెయిజ్ అంటే నోరు తెరిచి చెప్పాలి."

"మనసులో గట్టిగానే అనుకున్నాను."

"మనసులో మాటకి ఇక్కడ రూలు లేదు," అంది ఆమె, తల కూడా ఎత్తకుండా.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ముసిముసిగా నవ్వారు. అద్దం నేర్పిన ముఖం ఒక్క నిమిషంలో జావగారిపోయింది. ఆ రెండు ఆసులతోనే ఓడిపోయాడు కూడా. కానీ ఆమె డ్యూటీ ముగిసి లేచేటప్పుడు రెండు అరచేతులూ ఒకసారి చరిచి, అటూ ఇటూ తిప్పి పైనున్న కెమెరాకి చూపించింది. ఏమీ దాచుకోలేదని చెప్పడానికి డీలర్లందరూ అలాగే చేస్తారు. అందరూ చేసే పనే అయినా, ఆమె చేస్తుంటే చూసి వెంగ్ హోన్ ఓడిపోయిన సంగతి మరిచిపోయాడు.

మర్నాడు వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. నెల తిరిగేసరికి ఆట కుదుటపడింది. ఆన్‌లైన్లో గంటలో చూసే పంపకాలు ఇక్కడ రోజంతా కూర్చున్నా రావు. ఓపిక పట్టడం నేర్చుకున్నాడు. మెడ గోక్కునేవాడి దగ్గర ఏమీ లేదనీ, హఠాత్తుగా టీ తాగడం ఆపినవాడి దగ్గర చాలా ఉందనీ నేర్చుకున్నాడు. అమ్మకి కూడా చెప్పేశాడు. ఆమె కాసేపు దుప్పటి మడతపెట్టి, "అయితే ఇప్పుడు మనుషులు కనబడే చోట కూర్చుంటున్నావన్నమాట. నయమే," అంది.

సన్ యీ మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఒక వాన మధ్యాహ్నం కాసినో వెనక సందులో సామ్ అత్త నడిపే నూడుల్స్ కొట్లోకి పరిగెత్తాడు. మూలబల్ల దగ్గర సన్ యీ ఒక్కతే ఉంది. ఎదురుగా కూర్చోబోయాడు.

"అక్కడ కాదు," అంది ఆమె తన గిన్నెతో. "వెనకబల్ల. నాకు వీపు పెట్టి కూర్చోండి."

"ఎందుకు?"

"ముందు కూర్చోండి."

వీపు వీపు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. వాన రేకుల మీద దరువేస్తోంది.

"నా మీద మీకెందుకండీ అంత కోపం?" అన్నాడు ఎదుటి గోడతో.

"కోపమా? ఆటగాళ్ళతో బయట మాట్లాడినట్టు తెలిస్తే మా ఉద్యోగాలు పోతాయి. ఇద్దరూ కుమ్మక్కయి ముక్కలు పంచుకున్నారంటారు. ఆ రూలు మీకు తెలీదా?"

"ఆన్‌లైన్లో డీలర్ ఉండదు కదా. నాకెలా తెలుస్తుంది?"

"పాపం," అంది ఆమె. ఆ ఒక్క మాటలో నవ్వు వినిపించింది. మొదటిసారి నవ్వింది, అదీ చూడ్డానికి వీల్లేనప్పుడు.

సామ్ అత్త వెంగ్ హోన్ ముందు గిన్నె పెట్టి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏమర్రా, దెబ్బలాడుకున్నారా? అటొకరు ఇటొకరు కూర్చున్నారు."

"మాకసలు పరిచయమే లేదత్తా," అంది సన్ యీ.

"అవునత్తా, ఎవరో కూడా తెలీదు," అన్నాడు వెంగ్ హోన్.

"అలాగే కనబడుతోంది," అని సామ్ అత్త ఇద్దరికీ చెరో గుడ్డు ఎక్కువ వేసి వెళ్ళింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలన్నీ అలాగే గడిచాయి. వెంగ్ హోన్ గోడతో, సన్ యీ గిన్నెతో మాట్లాడేవారు. వాన పడితే ఆమె గొడుగు వేసుకుని ముందు నడిచేది, అతను మూడడుగులు వెనక తడుస్తూ నడిచేవాడు. ఒకరోజు ఆమె రెండు గొడుగులు తెచ్చి, ఒకటి కొట్లో 'మరిచిపోయి' వెళ్ళింది.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు ఒకరోజు గోడతో. "నోటితోనే చెప్తున్నాను, తర్వాత కాల్ అనకండి. మీరంటే నాకు ఇష్టం."

వెనక చాప్‌స్టిక్స్ గిన్నె మీద పెట్టిన చప్పుడైంది.

"అది నాకు ఎప్పుడో తెలుసు," అంది ఆమె. "మీరు మంచి ముక్కలొచ్చినప్పుడు ముక్కల్ని చూస్తారు. చెత్త ముక్కలొచ్చినప్పుడు నన్ను చూస్తారు. ఈమధ్య అన్నీ చెత్తే వస్తున్నాయి కదా."

"మరి?"

"మరేముంది. మీరు నీలి ముత్యంలో ఆడుతున్నంత కాలం నేను మీకెవర్నీ కాను."

"అయితే రేపట్నుంచి వేరే చోట ఆడతాను. ఎంతసేపు."

"ఊళ్ళో పోకర్ గదులు రెండే ఉన్నాయి. రెండోది తెరచాప కాసినోలో. అక్కడ ఫ్లోర్ మేనేజర్ ఎవరో తెలుసా?"

"ఎవరైతే ఏంటి?"

"మా నాన్న. పోకర్ ఆడేవాడికి మాత్రం నన్నివ్వనని నా చిన్నప్పట్నుంచీ అంటున్నాడు. ఆటగాళ్ళని ఆయన చూసినంత దగ్గర్నుంచి ఇంకెవరూ చూడలేదు మరి."

వెంగ్ హోన్ మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె కూడా తిరిగింది.

"వెళ్తాను," అన్నాడు.

తెరచాప గదిలో సన్ యీ వాళ్ళ నాన్న లోయ్ గారు చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతుంటారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఎక్కడ తగువొచ్చినా రెండు మాటల్లో తీర్పు చెప్పి, మూడో మాట అడిగితే వినబడనట్టు వెళ్ళిపోతారు. మొదటిరోజే వెంగ్ హోన్ కుర్చీ వెనక వచ్చి నిలబడ్డారు.

"నీలి ముత్యంలో గాలి పడలేదా బాబూ?"

"ఇక్కడ గాలి బాగుంటుందని విన్నానండి."

"ఎవరు చెప్పారు?"

వెంగ్ హోన్ బిళ్ళల దొంతర సర్దాడు. "నూడుల్స్ కొట్లో అనుకుంటుంటే విన్నాను."

లోయ్ గారు "ఊఁ" అని వెళ్ళిపోయారు. కానీ సామ్ అత్తకి లోయ్ గారు కూడా పాత ఖాతాదారే. ఆ సంగతి పాపం వీళ్ళిద్దరికీ తట్టలేదు.

మర్నాటినుంచి ఆయన అతని బల్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడేవారు. గెలిస్తే ఎలా ఉంటాడో చూశారు. ఓడితే ఎలా లేస్తాడో చూశారు. వెంగ్ హోన్ ఇదివరకు ఎనిమిది బల్లల్ని ఒక్కడూ చూసేవాడు, ఇప్పుడు ఒక్క మనిషి తనని చూస్తుంటే చెమటలు పట్టేవి.

ఒక సాయంత్రం చెంగ్‌డూ నుంచి వచ్చిన ఒక పెద్దావిడతో పెద్ద ఆట పడింది. అందరికీ ఉమ్మడిగా మధ్యలో పరిచిన ముక్కలు ఆరు, ఏడు, తొమ్మిది, పది, రాజు. వెంగ్ హోన్ దగ్గర ఇంకో రెండు తొమ్మిదులున్నాయి. మూడు తొమ్మిదులూ చూపించాడు. పెద్దావిడ నిట్టూర్చి రాజునీ, ఎనిమిదినీ తిప్పి పెట్టింది.

"నాది రాజుల జతే. పోయింది," అంది.

డీలర్ కుర్రవాడు అప్పటికే అలిసిపోయి ఉన్నాడు. ఆవిడ మాట పట్టుకుని బిళ్ళలన్నీ వెంగ్ హోన్ వైపు నెట్టబోయాడు.

"ఆగండి," అన్నాడు వెంగ్ హోన్. "ఆవిడది వరస. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. మూడు తొమ్మిదుల కన్నా వరస పెద్దది. ఆవిడే గెలిచింది."

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని ముక్కల్ని మళ్ళీ చూసుకుంది. లోయ్ గారు వంగి చూసి, బిళ్ళల్ని అటు నెట్టమని సైగ చేశారు. తర్వాత వెంగ్ హోన్‌ని పక్కకి పిలిచారు.

"ఎందుకు చెప్పావు?"

వెంగ్ హోన్‌కి ప్రశ్న అర్థం కాలేదు. "ఆవిడది వరస కదండీ."

"ఆవిడ చూసుకోలేదు. డీలర్ చూడలేదు. నువ్వు ఊరుకుంటే నీదే."

"ఊరుకోవచ్చా?" అన్నాడు వెంగ్ హోన్ నిజంగానే ఆశ్చర్యపోయి. "ఆన్‌లైన్లో యంత్రమే ముక్కలు చదివి, ఎవరిదైతే వాళ్ళకిచ్చేస్తుందండి. గెలిచినవాళ్ళకి రాకుండా పోవడం అనేది ఉంటుందని నాకు తెలీదు."

లోయ్ గారు అతని ముఖంలోకి చాలాసేపు చూశారు. అబద్ధం కోసం వెతికారు. ఆ పనిలో ఆయన్ని మించినవాళ్ళు లేరు, కానీ ఏమీ దొరకలేదు.

"నా జీవితంలో ఇంత అమాయకుణ్ణి పోకర్ బల్ల దగ్గర చూడలేదు," అన్నారు. "ఆదివారం భోజనానికి రా. మా అమ్మాయికి వీపు పెట్టి కూర్చోనక్కర్లేదు. మా ఇంట్లో బల్ల ఒక్కటే."

ఆదివారం వెంగ్ హోన్ నారింజపళ్ళ బుట్టతో వెళ్ళాడు. సన్ యీ తలుపు తీసి, "బూట్లు విప్పు. కరుస్తున్నట్టున్నాయి," అంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరూ ఒకేసారి గమనించి, ఇద్దరూ చెరోవైపు చూశారు. ఆవిరిలో ఉడికిన చేప, అల్లం, ఎండురొయ్యలేసిన ఆకుకూర పెట్టారు. సన్ యీ వాళ్ళమ్మ అడక్కుండానే అతని గిన్నె నింపుతూ పోయింది.

భోజనం అయ్యాక లోయ్ గారు టీ పోసి గొంతు సవరించుకున్నారు.

"నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక చిక్కుంది. మా అమ్మాయి కోసం నీలి ముత్యం వదిలేశావు. ఇప్పుడు నాకు చుట్టమైతే తెరచాపలోనూ కూర్చోడానికి వీల్లేదు. రేపే మా ఆఫీసులో చెప్పాలి. ఇంటర్నెట్ ఆటా లేదాయె. అంటే ఈ ఊళ్ళో నువ్వాడడానికి కుర్చీయే లేదు. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించాను," అన్నాడు వెంగ్ హోన్.

"ఇంత తొందరగానా?" అంది సన్ యీ. "మొదట్లో నీ వంతు వస్తే లేపాల్సొచ్చేది."

"నెల్లో పది రోజులు మనీలా వెళ్తాను. అక్కడ బల్లలు చాలా ఉన్నాయి, విమానంలో దగ్గరే. మిగతా రోజులు ఇక్కడే ఉంటాను. హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్తాను. అమ్మతో మాట్లాడాను. ఆవిడ ఒకటే అంది, సన్ యీ ఒప్పుకుంటే వెళ్ళమంది." అతను ఆమె వైపు తిరిగాడు. "ఒప్పుకుంటావా?"

"పది రోజులా," అంది సన్ యీ. టీ కప్పు ఒకసారి తిప్పింది. "ఎనిమిది చెయ్యి. ఒప్పుకుంటాను."

"తొమ్మిది."

"ఎనిమిది."

"సరే, ఎనిమిది."

"బేరం కూడా రాదు," అన్నారు లోయ్ గారు భార్యతో. కానీ ఆయన ముఖం విప్పారింది.

ఆయన లేచి అల్మారాలోంచి పేకకట్ట తెచ్చారు. బిళ్ళలకి బదులు పుచ్చగింజల డబ్బా బల్ల మీద ఒంపి, తనకీ వెంగ్ హోన్‌కీ చెరిసగం పెట్టారు. కాసినోలో పనిచేసేవాళ్ళు ఏ కాసినోలోనూ ఆడకూడదు. ఆయన కుర్రతనం నుంచీ చేసిన ఉద్యోగం అదే. వేలమంది ఆట నిలబడి చూశారు, వేల తగువులు తీర్చారు. కూర్చుని ఒక్క ఆట కూడా ఆడలేదు.

"పంచమ్మా," అన్నారు కూతురితో.

సన్ యీ పంచింది. లోయ్ గారు ముక్కలు ఎత్తి చూసి, తన గింజలన్నీ ముందుకి నెట్టేశారు. చేతులు స్థిరంగా ఉన్నాయి. చూపు స్థిరంగా ఉంది. చెవులు మాత్రం మందారాల్లా ఎర్రబడ్డాయి.

ఆయన దగ్గర ఏమీ లేదని వెంగ్ హోన్‌కి క్షణంలో తెలిసిపోయింది. బల్లకింద సన్ యీ అతని కాలు తొక్కింది, వదిలెయ్యమని. వాళ్ళమ్మ కళ్ళతోనే బతిమాలింది. అతను లోయ్ గారి ముఖంలోకి చూశాడు. వదిలేస్తే ఆయనకి గింజలు దక్కుతాయి, ఆట దక్కదు.

"కాల్, మామయ్యా," అన్నాడు.

లోయ్ గారి చేతిలో ఒక ఇస్పేటు రెండు, ఒక కళావరు ఏడు. ఆయన వాటిని చూసుకుని, అల్లుడి వైపు చూసి, భుజాలు కదిలేలా నవ్వారు. ఆయన అంతలా నవ్వగలరని కూతురికే తెలియదు.

"గింజలు ఇంకో డబ్బా ఉందా?" అని అడిగారు భార్యని. "మళ్ళీ పంచు."

చీకటి పడేదాకా ఓడిపోతూనే ఉన్నారు. ఒక్కసారి కూడా లేవలేదు.

పెళ్ళయింది, మనీలా ప్రయాణాలు సాగుతున్నాయి, సన్ యీ సూపర్‌వైజరయింది. వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకోగలరు. మీరు మాత్రం ఎప్పుడైనా పేకబల్ల దగ్గర హాయిగా కూర్చుంటే, మీ వెనక చేతులు కట్టుకుని నిలబడే మనిషి ఎవరైనా కనబడితే, లోయ్ గారిని ఒకసారి గుర్తుచేసుకోండి.