అమ్మని తెచ్చిన పడవ

సాయంత్రం నాలుగు దాటింది. సన్నటి వాన, ఉత్తరపు గాలి. నుసుదుబ్ ద్వీపంలో మా ఇంట్లో చీలమండల దాకా సముద్రం. మిగతా జనమంతా అప్పటికే అవతల, పనామా తీరంలో అడవి కొట్టి కట్టిన కొత్త ఊరికి వెళ్ళిపోయారు. మా అమ్మ ఒక్కతే ఊయల దిగనంది.

"నీళ్ళు కిందున్నాయి, నేను పైనున్నాను. నీకేం నొప్పే?" అంది. "ఆ సిమెంటు పెట్టెల్లో మీరు ఉడకండి."

నా అల్లుడు డెల్ఫినో నవ్వు ఆపుకున్నాడు. "ముందు సామాను దించొద్దాం అత్తయ్యా. ఈలోపు ఆవిడ కోపం చల్లారుద్ది."

నేను, నా కూతురు నైబె, అల్లుడు బయల్దేరాం. అవతలి ఒడ్డున మూటలు దించుతుంటే ఒకదాంట్లోంచి చెక్క బొమ్మలు దొర్లాయి. ఇంటి నడిమి స్తంభం దగ్గర నిలబడి, చెడ్డ ఆత్మలు లోపలికి రాకుండా మమ్మల్ని కాచే బొమ్మలు. లోపల మనిషుండగా వాటిని గడప దాటించడం మా గుణా జనంలో లేదు.

"తడుస్తాయని సర్దానమ్మా," అంది నైబె. దాని పెదాలు తెల్లబడ్డాయి.

పడవ తిప్పాం.

చేరేసరికి వెలుతురు పోతోంది. ఖాళీ ఇళ్ళ మధ్య నీళ్ళు గోడలకి కొట్టుకుంటున్నాయి. మా ఇంట్లో కుళ్ళిన నాచు వాసన. ఊయల మెల్లగా ఊగుతోంది.

"అమ్మా?"

లేచింది. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకోలేదు. తనంతట తనే నడిచొచ్చి పడవలో కూర్చుంది.

"అత్తయ్యా..." డెల్ఫినో గొణిగాడు. "మనిషెక్కితే పడవ కాస్త కిందికి దిగాలిగా..."

"తెడ్డు వెయ్యి."

దారంతా నైబె బతిమాలుతూనే ఉంది. "అమ్మమ్మా, ఒక్క తిట్టు తిట్టవే."

అమ్మ నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

కొత్త ఇంట్లో, చెడ్డ ఆత్మల్ని తరిమేందుకు మావాళ్ళు చేసినట్టే, నిప్పుల మీద కోకో గింజలు వేసి పొగ పెట్టాను. అమ్మ మూలకి జరిగింది. అప్పుడు గాలి వాటున, ద్వీపం వైపు నుంచి... బొంగురుపోయిన గొంతు. నన్ను కన్నతల్లి గొంతు.

"ఒసే... వస్తాలేవే. వచ్చి తీసుకుపోండే."

డెల్ఫినో తెడ్డు అందుకున్నాడు. మూలనున్న అమ్మ తలెత్తి అతన్ని చూసింది. అలా చూస్తూనే ఉంది. అతను తెడ్డు కింద పెట్టేశాడు.

గొంతు ఇంకాసేపు వినిపించింది. తర్వాత అలలే.

తలుపు వేసి అందరినీ లెక్కపెట్టుకున్నాను. నైబె. డెల్ఫినో. నేను.

అమ్మ.

నలుగురం. క్షేమంగా ఇల్లు చేరాం.