పొయ్యి పక్కన రైఫిల్

"ఎర్రకోటు తొడుక్కున్న మనిషిని జింక అనుకుని కాల్చేశారట!" అన్నాడు చీఫ్ విట్‌కమ్, కారు అద్దం పైకెత్తుతూ. "ముందటేడు ఒకణ్ణి, కిందటేడు ఇంకొకణ్ణి. ఇద్దరూ జలాంతర్గాముల ఇంజనీర్లే. రెండుసార్లూ ప్రమాదమనే తేల్చారు. జింకల సీజన్లో మనిషి చావు బాగా చౌకైపోయింది, ఆర్విడ్."

ఏజెంట్ ఆర్విడ్ కంగాస్ సిగరెట్ తీశాడు. మిషిగన్ ఉత్తరపు అడవుల్లో పుట్టి పెరిగినవాడు. మనిషని దూరానికే తెలియాలనే అక్కడి వేటగాళ్ళు ఎర్రకోటు తొడుగుతారని, దాన్ని చూసి ఎవరూ జింక అనుకోరని వాడికి తెలుసు.

"ఈసారి వంతు డాక్టర్ ప్రెంటిస్‌ది. ఆయనా జలాంతర్గాముల మనిషే. ఏటా మీ ఊరి తౌనో నడిపే వేట క్యాంపుకే వస్తాడు. చంపబోయేది రాయిస్ అనేవాడు. తుపాకుల కంపెనీ సేల్స్‌మన్ వేషం. వాడి ముఠా పేర్లన్నీ వాడి బుర్రలోనే ఉన్నాయి. కాబట్టి వాడు ప్రాణాలతో కావాలి. గురి పెట్టినప్పుడే పట్టుకోవాలి."

"అంతేనా సార్?"

"అంతే అయితే ఇంకెవణ్ణో పంపేవాణ్ణి. ఇలోనా వాడితో ఉంది. కాబోయే పెళ్ళాం అని చెప్పుకుంటున్నారు."

ఆర్విడ్ చేతిలోని సిగరెట్ రెండు ముక్కలైంది. ఇలోనా! ఒక చలికాలమంతా ఇదే అడవిలో, తన తండ్రి కట్టిన కొయ్య ఇంట్లో ఇద్దరూ కలిసి బతికారు. ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ ఆమెను ముఠాలోకి పంపింది. రైలు కదిలేటప్పుడు ఆమె కిటికీ దగ్గరకి కూడా రాలేదు. వెళ్ళేవాళ్ళకి దారి ఉంటుంది. నిలబడిపోయినవాడికి ప్లాట్‌ఫామే మిగులుతుంది.

"ఆమె మన మనిషే కదా?"

"నెలనుంచి కబురు లేదు. అటు తిరిగిందేమో నువ్వే తేల్చు. 'ఈ ఏడు బాతులు తొందరగా వెళ్ళిపోయాయి' అని నువ్వనాలి. 'మా చెరువులో ఇంకా ఉన్నాయి' అని ఆమె అనాలి. అనకపోతే..." చీఫ్ ముఖం తిప్పుకున్నాడు. "అడ్డొస్తే ఆమెనీ వదలొద్దు."

* * *

"రారా ఆర్విడ్! పట్నంలో ఎవరు మేపుతున్నార్రా నిన్ను? నీ కింద కుర్చీ ఆగుతుందా?" అంటూ వీపు మీద చరిచాడు క్యాంపు యజమాని తౌనో. ఆర్విడ్ తండ్రితో కలిసి వేటాడిన మనిషి.

బల్ల దగ్గర వేడి మాంసం కజ్జికాయలు, కాఫీ. ఒక పక్క కళ్ళద్దాలు తుడుచుకుంటూ డాక్టర్ ప్రెంటిస్. ఎదురుగా నున్నగా గీసుకున్న గడ్డంతో రాయిస్. వాడి భుజానికి తల ఆన్చి, మెడచుట్టూ నక్కబొచ్చుతో ఇలోనా. వాడి పళ్ళెంలోని కజ్జికాయను ఆమె తుంచి వాడి నోటికి అందిస్తోంది. ఆర్విడ్ తన పళ్ళెం పక్కకి నెట్టేశాడు.

"అసలు తుపాకీ అంటే నమ్మకమండీ," అంటున్నాడు రాయిస్. "నా తూటాలు నేనే నింపుకుంటాను. మందు తూచి మరీ పోస్తాను. బజారు సరుకు నాకు పనికిరాదు. నా రైఫిల్ ఈనాటి వరకూ ఒక్కసారి మొరాయించలేదు."

"నాది మా నాన్న తుపాకీ. గురి వంకర, కట్టె పగులు," అన్నాడు తౌనో. "అయినా ఎప్పుడూ పేలుతుంది. మా ఆవిడ లాగానే, అడిగినా అడక్కపోయినా."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల సందున ఆర్విడ్ ఇలోనా వైపు తిరిగాడు. "ఈ ఏడు బాతులు..."

"అబ్బ, బాతుల గోల నాకొద్దండీ బాబూ!" ఆమె మధ్యలోనే తుంచేసింది. కాఫీ కప్పు ఆర్విడ్ ఒళ్ళో తిరగబడింది. "అయ్యయ్యో! చూసుకోలేదు. డార్లింగ్, ఈయన్ని చూడు, స్నానం చేసిన కుక్కపిల్లలా లేరూ?"

రాయిస్ పగలబడి నవ్వాడు. ఆర్విడ్ పంట్లాం తుడుచుకుంటూ బయటికి నడిచాడు. తొడ మంట చిన్నది. కడుపు మంటే పెద్దది. తేలిపోయింది, ఆమె వాళ్ళ మనిషే. వాళ్ళదైనా ఫరవాలేదు, వాడిది ఎందుకైంది?

పొద్దు వాలుతుండగా కట్టెల కోసం వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి మీద కెటిల్ ఆవిర్లు కక్కుతోంది. పక్కనే గోడకి ఆన్చి రాయిస్ రైఫిల్! ఇలోనా దాని బోల్ట్ మీద, అంటే తూటాని లోపలికి తోసే పిడి మీద, చిక్కటి నూనె పోసి, పాత గుడ్డతో ఒత్తి ఒత్తి రుద్దుతోంది.

ఆ అడవిలో తుపాకీని ఎవ్వరూ ఇంట్లోకి తేరు. వసారాలో మేకులకి తగిలించి చలిలోనే ఉంచుతారు. చల్లటి ఇనుముకి వెచ్చటి ఆవిరి తగిలితే లోపలంతా చెమర్చుతుంది. మళ్ళీ బయటికి తీసుకెళ్తే ఆ చెమ్మ గడ్డకడుతుంది. నూనె జిగురవుతుంది. తూటాని వెనకనుంచి కొట్టే ఫైరింగ్ పిన్ కదలదు. ఆ చలికాలం ఇలోనాకి ఇదంతా చెప్పింది ఆర్విడే. ప్రియుడి మీద మోజులో అదీ మరిచిపోయింది!

"చలికి వణుకుతోంది పాపం, అందుకే తెచ్చాను," అందామె తల ఎత్తకుండా.

వెనకే వచ్చిన రాయిస్‌కి ఈ అడవి చలి సంగతి తెలియదు; ఆమె జుట్టు మీద ముద్దు పెట్టాడు. "చూశారా కంగాస్ గారూ? నాకన్నా నా రైఫిల్ మీదే దీనికి ప్రేమ ఎక్కువ."

ఎవరి తుపాకీ అయినా అలా చూస్తే ఒక మాట చెప్పడం ఆ ఊరి మర్యాద. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆ ముద్దు చూశాక మింగేశాడు. తడవనీ. తుప్పు పట్టనీ. కట్టెలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె రైఫిల్‌ని తీసుకెళ్ళి మళ్ళీ మేకుకి తగిలించడం కిటికీలోంచి చూశాడు. ఆ చేతులు దాన్ని ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాయో కూడా చూశాడు. తుపాకీ మీద కూడా అసూయ పడొచ్చని ఆ రోజే తెలిసింది.

* * *

వేట మొదటి ఉదయం. ఊపిరి మీసాల మీదే మంచైపోయే చలి.

దేవదారు చెట్ల అంచున ఎర్రకోటుతో ప్రెంటిస్ మొద్దు మీద కూర్చున్నాడు. పక్క గట్టు మీద రాయిస్, ఇలోనా. వాళ్ళ వెనక పొదల్లో ఆర్విడ్. వాడి గురి రాయిస్ కుడి భుజం మీద ఉంది. గురిపెట్టగానే భుజంలో కాల్చాలి, అదీ ప్లాను.

రాయిస్ రైఫిల్ ఎత్తాడు. గొట్టం ఎర్రకోటు మీద నిలబడింది.

ఆర్విడ్ వేలు బిగుసుకుంటుండగా ఇలోనా ఒక్క అడుగు పక్కకి వేసింది. సరిగ్గా వాడి గురికి అడ్డంగా! ఇప్పుడు రాయిస్ భుజం ఆమె భుజం వెనక ఉంది. ఆమె వెనక్కి తిరిగి ఆర్విడ్ దాగిన పొద వైపే చూసి తల అడ్డంగా ఊపింది.

వాడికోసం తూటాకి ఎదురొస్తోందా! అడ్డొస్తే వదలొద్దని ఆర్డరు. ఎదురుగా ఓ ప్రాణం పోబోతోంది. కళ్ళ ముందు ఆ ముద్దు మెదిలింది. కాల్చాలి. కాల్చితే ఆమె ఇంక ఎవరిదీ కాదు. ఆ ఆలోచన తియ్యగా తగిలింది. ఆ తీపికే భయమేసి వేలు ఒక్క క్షణం ఆగింది.

టక్.

అంతే. మంట లేదు, మోత లేదు. రాయిస్ విస్తుపోయి బోల్ట్ లాగాడు. రాలేదు. మళ్ళీ గుంజాడు.

ఆర్విడ్‌కి ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఆమె ఏదీ మరిచిపోలేదు!

పొదలోంచి దూకేసరికి ఇలోనా చేతిలోని ఇనప ఫ్లాస్కు రాయిస్ చెవి వెనక ఖంగుమంది. ఇద్దరూ కలిసి వాణ్ణి మంచులో బోర్లా పడేశారు.

"ఎవరయ్యా అది?" దూరంనుంచి ప్రెంటిస్ విసుగ్గా గుసగుసలాడాడు. "చప్పుడు చెయ్యకండి, జింక వచ్చేలా ఉంది!"

సంకెళ్ళు బిగిస్తూ ఆర్విడ్ రొప్పాడు. "మరి బాతుల మాటకి..."

"ఆ కోడ్ వీడికి తెలిసిపోయింది. నువ్వు పూర్తిగా అని ఉంటే బల్ల కిందనుంచే కాల్చేవాడు. కాఫీతో పోయింది, సంతోషించు."

"ఇప్పుడు అడ్డం వచ్చావేం?"

"పేలదని నాకు తెలుసు. నీకు తెలీదు. నీ గురి తప్పి వీడు చస్తే ముఠా పేర్లూ చస్తాయి." ఆమె ఫ్లాస్కు మంచులో పడేసింది. "వంటింట్లో చూసి కూడా నువ్వు వాడితో చెప్పేస్తావేమోనని ప్రాణం పోయింది. నీకేమో ఊరి మర్యాద ఎక్కువ. ఎందుకు చెప్పలేదు? నా ఎత్తు అప్పుడే అర్థమైందా?"

"లేదు."

"మరి?"

"కుళ్ళు."

ఇలోనా మంచులో కూర్చుండిపోయి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత వాడి టోపీని చెవులమీదికి లాగింది. ఆ కాసేపే దొరికింది వాళ్ళకి.

చీఫ్ కార్లు వచ్చాయి. రాయిస్‌ని ఒకదాంట్లో ఎక్కించారు. ముఠా మొత్తం దొరికేదాకా ఇలోనా డాక్టర్ ప్రెంటిస్ ఇంట్లో ఆయన భార్య వేషంలో కాపలా ఉండాలని కొత్త ఆర్డరు. ఆమె ఆయన మెడకి మఫ్లర్ చుట్టి, కళ్ళద్దాలు సరిచేసి, చెయ్యి పట్టుకుని కారెక్కించింది. డాక్టర్‌గారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

"శభాష్ ఆర్విడ్," అన్నాడు చీఫ్. "ఇంక ప్రెంటిస్ ప్రాణాలకి ముప్పు తెచ్చేవాడు ఈ చుట్టుపక్కల ఎవడూ లేనట్టేగా?"

ఆర్విడ్ ఆ మఫ్లర్‌నే చూస్తూ అన్నాడు: "ఒకడున్నాడు సార్. వాణ్ణి వెంటనే ఏ ఎడారికో ట్రాన్స్‌ఫర్ చెయ్యండి."