పసుపు పెట్టిన పెన్షన్ కాగితం

గిరిజ పూజ అలమరలోంచి పెన్షన్ కాగితం మాయమైంది. ఆదివారం సాయంత్రం నాలుగు పదికీ, ఐదు ఐదుకీ మధ్య.

సోమవారం పదకొండింటికి లీడ్స్‌లోని ఆ ఇంటికొచ్చిన ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ శ్రీవల్లికి సంగతి వినగానే ఒళ్లు మండింది.

తనకు ఒకే పెన్షన్ ఉందని విడాకుల కేసులో గిరిజ భర్త భానుప్రకాష్ డిక్లేర్ చేశాడు. మిల్టన్ కీన్స్‌లో పద్నాలుగేళ్లు చేసిన ఉద్యోగం తాలూకు పెన్షన్ ఊసే ఎత్తలేదు. ఆ పద్నాలుగేళ్లూ గిరిజ ఉద్యోగం మానేసి పిల్లల్ని పెంచింది. దాచిన పెన్షన్ వివరాల ఉత్తరం పాత అడ్రస్ పుణ్యమా అని ఆమె ఇంటికే వచ్చింది.

ఆ రోజే మధ్యాహ్నం రెండింటికి సాలిసిటర్ ఆఫీసులో సెటిల్‌మెంట్ సంతకాలు. సంతకం పడ్డాక కేసు తిరగతోడాలంటే ఏళ్లు పడుతుంది. కాగితం లేకుండా ఆపితే ఉత్త ఆరోపణ అంటారు.

మంచి కాగితం ఏదొచ్చినా గిరిజ నాలుగు మూలలా తడిపసుపు రాసి దేవుడి దగ్గర పెడుతుంది. నాలుగింటికి కవరు విప్పి అదే చేసింది. ముందు పసుపు, తర్వాత ఫోన్‌లో ఫొటో అనుకుంది. ఆ ఫొటో తియ్యనే లేదు.

"ఇంటికి ఎవరెవరొచ్చారు?"

ఇద్దరే. నాలుగు పదికి సూట్‌కేసుల కోసం భానుప్రకాష్. నాలుగు ఇరవై అయిదుకి సదాశివం అంకుల్. ఇరువైపులకీ పెద్దమనిషి. రాజీ కుదిర్చింది ఆయనే.

"ఉత్తరం సంగతి ఎవరికి చెప్పారు?"

"అంకుల్‌కే, కవరు విప్పగానే ఫోన్‌లో. ఆయనకి చెప్పకపోతే ఎలా అండీ?"

శ్రీవల్లి డోర్‌బెల్ కెమెరా వీడియో చూసింది. గిరిజ దాన్ని పదిసార్లు చూసిందట. పదిసార్లూ మొగుడి సూట్‌కేసులే చూసింది.

శ్రీవల్లి పిలిపిస్తే పన్నెండున్నరకు ఇద్దరు మగవాళ్లూ అక్కడికొచ్చారు. తనని దొంగ అంటే ఊరుకోనని భానుప్రకాష్ అరిచాడు. శ్రీవల్లి అతని వైపు చూడనైనా లేదు. వీడియోలో సదాశివం వెళ్లిపోయే చోట ఆపింది.

"లాల్చీ చేతి మీద ఆ ఎర్రమరక ఏంటి అంకుల్?"

"మధ్యాహ్నం ఆవకాయ తిన్నానమ్మా."

ఆయన లోపలికొచ్చే చోట ఆపింది. లాల్చీ చెయ్యి తెల్లగా ఉంది.

శ్రీవల్లి తెల్లగుడ్డకు తడిపసుపు రాసి, సబ్బు రుద్దింది. ఎర్రబారింది.

"గిరిజగారు టీ పెడుతుంటే కాగితం తీశారు. పసుపంటింది. బాత్‌రూమ్‌లో సబ్బుతో కడిగారు. ఇంట్లో ఒక్క గుడ్డయినా ఉతికుంటే ఏమవుతుందో తెలిసేది."

సదాశివం ఒప్పుకున్నాడు. భాను నిజాయితీపరుడని ఊరంతా చెప్పుకొచ్చాడట. ఉత్తరం బయటపడితే తన మాట పోతుందని తీశాడట. కాగితం ఆయన ఇంట్లో దేవుడి పటం వెనక ఉంది. చించబోతే, పసుపు పెట్టిన కాగితమని చెయ్యి రాలేదట.

ఆడదాని నోటికాడి కూడు లాక్కోవడానికి మాత్రం చెయ్యి వచ్చింది.

ఒకటీ నలభైకి ఉత్తరం సాలిసిటర్ బల్ల మీదికి చేరింది. వరండాలో సదాశివం గిరిజకు అడ్డం వచ్చాడు. బయటికి పొక్కితే తన పరువు పోతుందని బతిమాలాడు.

ఇన్నేళ్లలో గిరిజ ఆయనకు ఎదురు చెప్పలేదు.

"మీ పరువు నిలబెట్టడానికి ముసలితనంలో నేనెవరి దగ్గర చెయ్యి చాచాలి అంకుల్?"

లోపల భానుప్రకాష్ సెటిల్‌మెంట్ కాగితాలు, పెన్ను ఆమె ముందుకు తోశాడు. గిరిజ వాటిని వెనక్కి నెట్టేసింది. రెండు పెన్షన్లలోనూ సగం కావాలంది. ఇక జడ్జి ముందే తేల్చుకుంటానంది.