బండి వెనక రాసిన పేరు

బాలేష్ బండి ఎక్కాడంటే మేడ్చల్‌లో ఆ గల్లీ అంతటికీ తెలియాలి. ఇంటి ముందు టాటా సుమో స్టార్ట్ చేసి, ఎదురుగా ఎవరూ లేకపోయినా గట్టిగా హారన్ కొడతాడు. ఆ మోతకు పక్కింటి పసిపిల్ల రోజూ ఉలిక్కిపడి లేస్తుంది. ఆ రోజు కూడా లేచి ఏడ్చింది.

"లేపినవు గద, ఇగ పో," అంది వాకిలి ఊడుస్తున్న పద్మలత. ఇరవై ఏళ్ల కాపురంలో మొగుడి డ్రైవింగ్ గురించి ఆమె ఇంతకన్నా గొప్పగా ఎప్పుడూ మాట్లాడలేదు.

తుర్కపల్లిలో అప్పుడప్పుడే ల్యాబులు వస్తున్న రోజులవి. అక్కడ పనిచేసేవాళ్లను తీసుకెళ్లి దింపడం అతని పని. అతని దృష్టిలో మాత్రం అదొక యుద్ధం. ముందున్న బండి శత్రువు, దాన్ని దాటిపోతే గెలుపు. ఎవడైనా తనను దాటిపోయాడో, ఆ పూట అన్నం సయించదు. రేషన్ షాపు ముందు నిలబెడితే నోరు మెదపకుండా అందరికీ చోటిచ్చే మనిషి, స్టీరింగ్ ముట్టుకోగానే మీసం తిప్పుతాడు. ఎక్కడా చెల్లని పెత్తనమంతా ఆ హారన్ మీద చూపిస్తాడని పద్మలత ఏనాడో తేల్చేసింది.

ఆ సుమో వెనక అద్దం మీద ఎర్ర రంగుతో, పసుపు అంచుతో పెద్దగా 'సుచిత్ర' అని రాసి ఉంటుంది. బండి కొంటే బిడ్డ పేరు రాయించుకోవడం అక్కడి డ్రైవర్ల అలవాటు. సుచిత్ర వాళ్లకు ఒక్కతే కూతురు. శామీర్‌పేటలో ఓ చిన్న దవాఖానాలో నర్సు పని నేర్చుకుంటోంది. బాలేష్ బండి కడిగినా కడగకపోయినా ఆ పేరు మాత్రం రోజూ తుడుస్తాడు.

పొద్దటి ట్రిప్పు దింపి ఇంటికొచ్చి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"ఈ దినం ఒకడు దొరికిండే అమ్మా," అన్నాడు తల్లి దుర్గాబాయితో. "శామీర్‌పేట చెరువు దాటినంక రోడ్డు నడుమల మెల్లగ పోతుండు. మోపెడ్‌కు రెండు దిక్కుల పాలక్యాన్లు, ఎనుక పెండ్లాం. ఎంత హారన్ కొట్టినా జరగడు. దాటి ముంగటకొచ్చి అడ్డం గొట్టిన. సీదా గుంతల వడ్డడు."

"మంచిగైంది. ఇగ ఎవ్వనికీ అడ్డం రాడు," అని దుర్గాబాయి పకపకా నవ్వింది.

"దెబ్బలు తాకినయా?" అని అడిగింది పద్మలత.

"నాకేం తెల్సు, నేను ఆగలే. అయినా నేను తాకలే, వాడే వడ్డడు."

"తాకకుండనే పండవెట్టినవు. మస్తు విద్యనే నీది. క్యాన్ల నిండ పాలు, ఎనుక మనిషి. మెల్లగ పోకుంటే ఎగిరిపోతడా?"

"నీకు రోడ్డు సంగతి తెల్వది."

"అవ్, తెల్వది. ఆడిదాన్ని కూసోవెట్టుకోని పోయేటోని మీద గెలుస్తరని నాకేం తెల్సు?"

మధ్యాహ్నం కాకముందే సుచిత్ర ఇంటికొచ్చింది. చెప్పులు విప్పలేదు, మంచినీళ్లు ముట్టలేదు. సుమో వెనక నిలబడి తన పేరును కాసేపు చూసి లోపలికొచ్చింది.

"నాయినా, పొద్దుగాల పాలోల్లను పడగొట్టింది నువ్వేనా?"

బాలేష్ మీసం మీదున్న చెయ్యి కిందికి దిగింది. "నీకెవరు చెప్పిండ్రు?"

"మా దవాఖానకు వచ్చిన గా పాలామెనే చెప్పింది. కనీజ్ ఆమె పేరు. చెయ్యి ఇరిగింది. డాక్టరు కట్టు కడ్తుంటే పట్టుకున్నది నేనే. నంబర్ చూడలేదంట, పేరు చూసిండ్రంట. కట్టు కట్టినంత సేపు సుచిత్ర, సుచిత్ర అని తిట్టింది. గా సుచిత్ర మట్టిల గల్వాలె అన్నది."

పద్మలత చేతిలోని గిన్నె కింద పెట్టేసింది.

"అయినంక నా దిక్కు చూసి, నీ పేరేంది బేటీ అని అడిగింది," అంది సుచిత్ర. "పేరున్న బ్యాడ్జి జేబుల దాసుకొని, నవనీత అని చెప్పిన. నా పేరు చెప్పుకుందామంటే భయమైంది నాయినా."

దుర్గాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వు అత్తా," అంది పద్మలత. "పొద్దుగాల నవ్వినవు గద. నీ కొడుకు గెలిచిండు, నీ మనుమరాలు పేరు దాసుకున్నది. ఇప్పుడు నవ్వు."

బాలేష్ బ్లేడు తీసుకుని బయటికి పోయాడు. పేరు మీద పసుపు అంచు గీకడం మొదలుపెట్టాడు. పద్మలత వెనకే వెళ్లి ఆ బ్లేడు లాక్కుంది.

"తీసేస్తనే. బిడ్డ పేరు ఎవ్వనికీ కనబడొద్దు."

"అంటే రేపు ఇంకొకల్లను పడగొట్టినా దొరకవన్నమాట. పొద్దుగాల పారిపోయినవు, ఇప్పుడు పేరు సుత మాయం జేస్తవా? నడు వాల్లింటికి."

"కేసు వెడ్తరు. లైసెన్సు పోతది."

"పోనీ. అది పోతే నలుగురు బతుకుతరు."

సుచిత్ర దారి చెబుతుంటే, శామీర్‌పేట అవతల ఊళ్లో కనీజ్ మొగుడు కుతుబుద్దీన్ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఇంటి ముందు వంకరపోయిన మోపెడ్, సొట్టలు పడ్డ క్యాన్లు ఉన్నాయి. అంత వాకిలి ఉండగా బాలేష్ బండిని రివర్స్ చేసి, పేరు కనబడకుండా వెనక భాగాన్ని గోడకు ఆనించాడు. పద్మలతకు ఒళ్లు మండింది.

"బండి తిప్పు," అంది.

తిప్పాడు. మంచం మీద కూర్చున్న కుతుబుద్దీన్ ఆ పేరు చదివి లేచి నిలబడ్డాడు.

"చాచా, నేనే..." అన్నాడు బాలేష్.

"హారన్ కొట్టేటప్పుడు మస్తు నోరుండె. ఇప్పుడేమైంది?" అన్నాడు కుతుబుద్దీన్.

సుచిత్ర నేరుగా కనీజ్ దగ్గరికి వెళ్లింది. "చాచీ, పొద్దుగాల అబద్ధం చెప్పిన. నా పేరు నవనీత కాదు, సుచిత్ర. ఈన మా నాయిన."

కనీజ్ అద్దం మీది పేరును చూసింది, పిల్లను చూసింది. కట్టు లేని చెయ్యి చాపి సుచిత్ర గడ్డం పట్టుకుంది.

"యా అల్లా, నిన్నా నేను తిట్టింది? నా చెయ్యి ఎంత మెల్లగ పట్టుకున్నవు బేటీ. నొప్పిల నోటికేదొస్తే గది అన్న. మట్టిల గల్వాలె అన్న. మాఫ్ చెయ్యి."

తిడతారని, కొడతారని బాలేష్ సిద్ధపడి వచ్చాడు. చెయ్యి విరిగిన మనిషి తన కూతుర్ని క్షమాపణ అడగడం మాత్రం తట్టుకోలేకపోయాడు. టైరు పక్కనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పద్మలతకు జాలి కలగలేదు. ఏడవనీ అనుకుంది.

"మోపెడ్ బాగయ్యేదాక పాలు నా బండిల ఏస్త చాచా," అన్నాడు చివరికి.

"నువ్వు తోల్తే పాలు ఇండ్లకు చేరుతయా?"

"పక్కన నేను కూసుంట అన్నా," అంది పద్మలత. "చుక్క ఒలికినా బండి దించి నడిపిస్త."

కుతుబుద్దీన్ ఆమెను ఎగాదిగా చూశాడు. "కేసు సంగతి తర్వాత చూస్త. రేపు పొద్దు పొడవకముందే రావాలె," అన్నాడు.

తిరుగుదారిలో ద్రాక్షబుట్టల ట్రాక్టర్ ఒకటి ముందు నెమ్మదిగా పోతోంది. బాలేష్ చెయ్యి హారన్ మీదికి పోయి ఆగింది. వెనక నుంచి ఓ జీపువాడు మోత మోగిస్తూ మీదికి రాసాగాడు. బాలేష్ బండి పక్కకు తీసి, చెయ్యి బయటపెట్టి పొమ్మని సైగ చేశాడు. జీపువాడు దాటిపోతూ బండబూతు తిట్టాడు. బాలేష్ ఆ తిట్టు మింగి, మళ్లీ ట్రాక్టర్ వెనకే నడిపాడు.

వెనక సీట్లో సుచిత్ర జేబులోంచి బ్యాడ్జి తీసి మళ్లీ పెట్టుకుంది. మొగుడి చేతికి దారివ్వడం కూడా చేతనవునని పద్మలతకు ఇరవై ఏళ్లకు తెలిసింది. అతని భుజం మీది తువ్వాలు తీసి చేతికిచ్చింది.

"కండ్లు తుడుసుకో. తోవ కనబడాలె," అంది.