కండువా కింద ఏడో బొమ్మ

బ్రాడీపేటలో మాబు సాహెబ్ కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి, "దూరం బాగానే కనపడుతోంది, దగ్గరిదే కనపడటం లేదు" అన్నవాడికి మాత్రమే వెనక గది తలుపు తెరుచుకుంటుంది. ఆ గురువారం మధ్యాహ్నం మూడున్నరకు ఆ మాట అన్నవాడు ఏజెంట్ షానవాజ్. అతన్ని చంపడానికి వచ్చినవాళ్ళు ఇప్పటికి పద్నాలుగు మంది. పదమూడు మంది జైల్లో ఉన్నారు. పద్నాలుగోవాడు సన్యాసం పుచ్చుకున్నాడని చెప్పుకుంటారు.

చీఫ్ మాబు సాహెబ్ అద్దం తుడుస్తూనే బ్రీఫింగ్ ఇచ్చాడు. నౌకాదళం సీక్రెట్ కోడ్‌లున్న మైక్రోఫిల్మ్ మాయమైంది. రెండు వీధుల అవతల ఆర్ట్ గ్యాలరీలో తొమ్మిది మోడరన్ బొమ్మలున్నాయి. ఒకదాని రంగు పొర కింద ఆ ఫిల్మ్ ఉంది. గ్రానైట్ కొనే వ్యాపారినంటూ చీమకుర్తిలో మకాం వేసిన విక్టర్ అనే విదేశీ గూఢచారి అయిదింటికి దాన్ని దేశం దాటిస్తాడు.

"ఏ బొమ్మో ఎవరికి తెలుసు సార్?"

"జ్యోతిర్మయికి. అక్కడ బొమ్మలు చూపించే అమ్మాయి. మన ఏజెంటే. విక్టర్ ఏజెంటు కూడా."

"నిజానికి ఎవరి మనిషి?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానయ్యా? ఆమె మెళ్ళో హారంలో మైకుంది, కొక్కెంలో విషపు సూది ఉంది. రిమోట్ విక్టర్ దగ్గర. అనుమానం వచ్చిందా, ఆ పిల్ల బతకదు."

నాలుగున్నరకు గ్యాలరీ మెట్లెక్కింది రబ్బరు బొజ్జ, నాలుగు ఉంగరాలు, జరీ కండువాతో ఒక మిర్చి వ్యాపారి. నాలుగు మూలలా కెమెరాలు. వెనక గదిలో స్క్రీన్ ముందు విక్టర్.

షానవాజ్ ఎక్స్‌రే కళ్ళజోడు తగిలించుకుని తొమ్మిది బొమ్మల ముందూ నిలబడ్డాడు. మొదటిది నలుపు మీద మూడు గీరలు. ఏడోది గోడకి ఎండు మిరపకాయలు విసిరికొట్టినట్టున్న ఎరుపు. ఎక్స్‌రేని ఆపే సీసం కలిపిన రంగులు కాబోలు, కళ్ళజోడులో ఏ బొమ్మకైనా లోపలా పై రంగే కనపడింది.

జ్యోతిర్మయి వచ్చి ఇది శూన్యమనీ, అది శూన్యంలో పుట్టిన ప్రశ్న అనీ చెప్పుకుపోతోంది. గొంతు తేనెలా ఉంది. చెయ్యి మాత్రం మాటిమాటికీ హారం కొక్కెం మీదికి పోతోంది. గడియారం నాలుగూ నలభై ఎనిమిది.

మీదేవూరమ్మా అని అడిగాడు. గుంటూరేననీ, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే బాపయ్య గారి కూతుర్ననీ చెప్పింది.

షానవాజ్ కండువా తీసి తన కుడి చేతి మీద కప్పుకున్నాడు. యార్డులో అసలు ధర ఇలా గుడ్డ చాటున వేళ్ళు నొక్కే చెప్పుకుంటారు.

"అయితే మన పద్ధతిలోనే బేరం ఆడదామమ్మా."

అతని కళ్ళజోడు మాబు సాహెబ్ షాపుదని గుర్తుపట్టి, ఆమె కండువా కింద చెయ్యి పెట్టింది. పల్లెటూరి బేరమని స్క్రీన్ ముందు విక్టర్ నవ్వుకున్నాడు.

"నాలుగోది తీసుకోండి. మీ ఆఫీసుకి నప్పుతుంది" అంది పైకి. కింద అతని అయిదు వేళ్ళూ కలిపి నొక్కి వదిలింది. మళ్ళీ రెండు వేళ్ళు నొక్కింది. ఏడు.

నోరు నమ్మాలా, వేళ్ళు నమ్మాలా? యార్డులో నోటితో ఎన్ని కోతలైనా కోస్తారు, అది చుట్టూ ఉన్నవాళ్ళ కోసం. వేళ్ళతో అబద్ధమాడినవాడికి మర్నాడు ఎవరూ చెయ్యి అందివ్వరు. బాపయ్య కూతురికి ఆ సంగతి తెలియకుండా ఉండదు.

"ఇంత చక్కగా చెప్పావు, సన్మానం చెయ్యకుండా ఎట్లా వెళ్తానమ్మా" అంటూ కండువా ఆమె మెడ చుట్టూ నిండుగా కప్పాడు. అందులోవి జరీ పోగులు కావు, మాబు సాహెబ్ నేయించిన రాగి తీగలు. వాటిని దాటి ఏ సిగ్నలూ పోదు.

విక్టర్ ఇయర్‌ఫోన్ మూగబోయింది. రిమోట్ పట్టుకుని బయటికి దూకాడు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. హారం మీద కప్పిన కండువా లాగెయ్యబోయాడు. అప్పటికే ఏడో బొమ్మ మేకు మీద లేదు. దాని టేకు ఫ్రేము విక్టర్ మణికట్టు మీదా, ఆనక నెత్తి మీదా పడింది. నాలుగూ యాభై తొమ్మిది.

మాబు సాహెబ్ పోలీసులతో వచ్చి, కళ్ళజోళ్ళ మరలు బిగించే బుల్లి స్క్రూడ్రైవర్‌తో కొక్కెం విప్పాడు. సూది టంగుమని నేల మీద పడింది. ఎర్ర రంగు గీకితే ఫిల్మ్ బయటపడింది.

ఆరు నెలలుగా మెడలో ఉన్న మైకు పోయాక జ్యోతిర్మయి మొదటి మాట ఏమంటుందా అని షానవాజ్, మాబు సాహెబ్ ఇద్దరూ నిలబడి చూశారు. ఆమె తొమ్మిది మేకుల వంకా చూసి నిట్టూర్చింది.

"వచ్చినవాళ్ళందరికీ ఈ బొమ్మల భావం చెప్పీ చెప్పీ గొంతు పోయిందండీ. ఒక్కదాని భావమైనా నాకు తెలిస్తే ఒట్టు."