అరువిచ్చిన చిటికెన వేలు

ఆ వీధిలో ఆమెను అందరూ వేళ్ళ మేడమ్ అనేవాళ్ళు. గుర్తింపు కేంద్రంలో ఉద్యోగం మరి. పొద్దున తొమ్మిదింటికి షట్టరు ఎత్తడం, బల్ల మీది గాజుపలకను మెత్తటి గుడ్డతో తుడవడం, వచ్చినవాళ్ళ వేళ్ళు దాని మీద ఒత్తించడం. ఎడమ చేతివి నాలుగు, కుడి చేతివి నాలుగు, ఆఖరికి బొటనవేళ్ళు రెండూ. తర్వాత కళ్ళు, తర్వాత ఫోటో. ఎంత పెద్దమనిషైనా పావుగంటలో యంత్రంలోకి వెళ్ళిపోయేవాడు. బయటికి ఒక నంబరు వచ్చేది.

ఆ నంబరు లేకపోతే ఆస్పత్రిలో మందు ఇవ్వరు, బస్సు పాసు ఇవ్వరు, బడి గేటు దగ్గర కన్నపిల్లను కూడా అప్పగించరు. ఎదురుగా నిలబడి నేనేనయ్యా అని మొత్తుకున్నా సరే, యంత్రం అవునంటేనే అవును. ఇంత నిఘా దేనికని జనం గొణుక్కుంటే ఆమె వినీ విననట్టు ఊరుకునేది. ఆ కూడు తింటూ ఆ పాట పాడకపోతే ఎలా?

ఇంట్లో ఇద్దరే, తనూ ఏడేళ్ళ కూతురూ. పెళ్ళి పెటాకులై నాలుగేళ్ళయింది. బడి రికార్డులో పిల్లను తీసుకెళ్ళేవాళ్ళ గడిలో తన ఒక్కదాని వేలిముద్రే ఉంది. తనకేమైనా అయితే పిల్ల గతేమిటన్న దిగులు ఆమెకు నీడలా ఉండేది. ఆ దిగులు బయటపడకుండా పిల్లని బుడంకాయ్ అని పిలిచి నవ్వించేది.

కిందటి ఎండాకాలంలో ఆమె దగ్గరికి ఒక ముసలమ్మ వచ్చింది. పక్క సందులో మెట్ల కింది గదిలో ఒంటరిగా ఉండేది. నలభై ఏళ్ళు హోటళ్ళలో అంట్లు తోమిన చేతులు. వేళ్ళ మీద గీత అన్నది లేదు, గులకరాళ్ళలా నున్నగా ఉన్నాయి. గాజుపలక మీద ఎన్నిసార్లు ఒత్తినా ఎర్రలైటే. తడిగుడ్డతో తుడిచారు, నూనె రాశారు, వేళ్ళ మీద ఊదారు. మూడు రోజులు తిరిగినా ఫలితం లేకపోయింది.

వేళ్ళు అరిగినవాళ్ళకి వేరే దరఖాస్తు ఉంది. పైనుంచి అనుమతి రావడానికి మూడు నెలలు పడుతుంది. ముసలమ్మ దగ్గర గుండె మాత్రలు రెండే మిగిలాయి.

అలాంటప్పుడు ఆ కేంద్రాల్లో పనిచేసేవాళ్ళు ఎవరికీ చెప్పకుండా ఒక పని చేస్తారు. సొంత వేలు అరువిస్తారు. వేళ్ళ మేడమ్‌కి దానికి తగిన వేలే ఉంది. తన సొంత నమోదు జరిగిన రోజున ఎడమ చేతి చిటికెన వేలికి కట్టు ఉండటంతో ఆ ఒక్క గడి ఖాళీగా వదిలేశారు. అంటే ఆ వేలు ఎవరి పేరు మీదా లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ, ఎవరూ లేకుండా చూసి, ముసలమ్మ చిటికెన వేలికి బదులు తన వేలు గాజుపలక మీద ఒత్తింది. పచ్చలైటు వెలిగింది. ముసలమ్మకి ఫోను లేదంటే పోనీలే పాపమని తన ఫోను నంబరే రాసింది. ఆస్పత్రికి కూడా రెండుసార్లు తోడు వెళ్ళి, మందుల కిటికీ దగ్గర చాటుగా తనే వేలు పెట్టింది.

నమోదు అయిన రోజున ముసలమ్మ ఆమె చిటికెన వేలు పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"ఇంక ఇది నాదేనా తల్లీ?"

"నీదే అవ్వా. ఉంచుకో," అని ఆమె నవ్వేసింది.

మాత్రలైతే దొరికాయి గానీ ముసలమ్మ వానాకాలం దాటలేదు. ఎవరూ లేని మనిషి కాబట్టి ఊరివాళ్ళే బండి పిలిచి పంపేశారు. చావు కాగితం రాయించడానికి నా అన్నవాళ్ళు లేరు. అలా ముసలమ్మ మట్టిలో కలిసినా యంత్రంలో బతికే ఉంది.

రెండు నెలల తర్వాత వేళ్ళ మేడమ్ ఫోనుకి ఒక సందేశం వచ్చింది. ముసలమ్మ నంబరు మీద గుర్తింపు నిర్ధారణ అయిందనీ, చోటు ఆస్పత్రి మందుల కిటికీ అనీ ఉంది. ఏదో పాత సందేశం ఆలస్యంగా వచ్చిందనుకుంది. మర్నాడు బస్సు పాసుల గది. ఆ మర్నాడు తపాలా ఆఫీసు.

అప్పుడామెకు అసలు సంగతి తట్టింది. ఆ రికార్డు తెరుచుకోవాలంటే కావలసింది ఈ లోకంలో ఒకే ఒక్క వేలు. ఆ వేలు తన చేతికే ఉంది.

ఎవరికి చెప్పుకోవాలి? చెబితే ముందు తన దొంగతనం బయటపడుతుంది. ఉద్యోగం పోవడం అటుంచి, జైలు. పిల్ల ఏ అనాథల ఇంటికో పోతుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

ఉండబట్టలేక ఒక సాయంత్రం కేంద్రంలో ఆ రికార్డు చరిత్ర తెరిచి చూసింది. ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ వేలు పెట్టారో తారీఖులతో సహా వరుసగా ఉంది. మనిషి ఏ పూట ఎక్కడ తిరిగాడో యంత్రం ఇంత శ్రద్ధగా రాసిపెడుతుందని అంతవరకూ ఆమెకు పట్టలేదు. తర్వాత తన రికార్డు తెరిచి పక్కన పెట్టుకుంది. ఆస్పత్రిలో పిల్ల జ్వరం మందు కోసం తను వేలు పెట్టింది పదీ పదికి. ముసలమ్మ పదీ పదిహేనుకి. బస్సు పాసుల గదిలో తన తర్వాత మూడు నిమిషాలకి. తపాలా ఆఫీసులో తన తర్వాత ఒక్క నిమిషానికి.

ముసలమ్మ తన వెనకే వస్తోంది. రోజురోజుకీ దగ్గరవుతోంది.

ఆ క్షణంలో ఆమె ముక్కుకి అంట్ల సబ్బు వాసన తగిలింది. దానితో పాటు ఎన్నాళ్ళో ఆరని తడిగుడ్డ వాసన. ఆమె వెనక్కి తిరగలేదు. తెర ఆర్పేసి, షట్టరు లాగేసి ఇంటికి పరిగెత్తింది.

మర్నాడు మధ్యాహ్నం నుంచీ ముసురు. వీధిదీపాలు మూడింటికే వెలిగించాల్సి వచ్చింది. ఆమె రోజూ మూడూ నలభై అయిదుకి బడి గేటు దగ్గర వేలు పెట్టి పిల్లను తీసుకుంటుంది. ఆ రోజు గొడుగు తీసి బయల్దేరబోతుంటే ఫోను మోగింది. చోటు, బడి గేటు. సమయం, మూడూ నలభై.

ఇంతవరకూ వెనక వచ్చింది. ఇవాళ ముందు వెళ్ళింది.

చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. బడి ఖాళీగా ఉంది. గేటు దగ్గర కాపలా తాత గొంగళి కప్పుకుని కూర్చున్నాడు. పిల్లేదని అడిగితే ఇప్పుడేగా తీసుకెళ్ళారన్నాడు.

"ఎవరు తాతా?"

"ఎవరో పెద్దావిడమ్మా. చేతులు తడితడిగా ఉన్నాయి. నాకూ అనుమానమే వచ్చింది. కానీ పచ్చలైటు వెలిగింది, తెర మీద తల్లి అని పడింది. యంత్రం కన్నా నాకెక్కువ తెలుసా?"

ఆమె ఏడవడానికి కూడా ఆగలేదు. దారి పొడవునా వెతుక్కుంటూ ఇంటికి వెళ్ళేసరికి పిల్ల తాళం వేసిన తలుపు ముందు, మెట్టు మీద కూర్చుని ఉంది. వంటి మీద చుక్క వాన పడలేదు. గుండెలకు హత్తుకుని ఒళ్ళంతా తడిమి చూసింది. దెబ్బ లేదు, గీత లేదు. ఎవరు తీసుకొచ్చారంటే అవ్వ అంది. ఏమన్నదంటే ఏమీ అనలేదంది.

"రోడ్డు దాటేటప్పుడు చెయ్యి గట్టిగా పట్టుకుందమ్మా. నీలాగే."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. తొక్కేసింది, ఇక కడుక్కోవడమే మిగిలింది. తాళమైనా తీయకుండా పిల్లను భుజాన వేసుకుని గుర్తింపు కేంద్రాల పెద్దాఫీసుకి బయల్దేరింది. జైలైతే జైలే. ఆ ముసలమ్మ రికార్డు మూసేయిస్తే చాలు, తన పిల్ల జోలికి ఎవరూ రారు.

పెద్దాఫీసు అయిదింటికి మూసేస్తారు. నాలుగున్నరకే సగం గదులు చీకటి. ముందు గదికి గాజు తలుపు ఉంది. లోపలికి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా పక్కనున్న చిన్న యంత్రం మీద వేలు పెట్టాల్సిందే. లోపలున్న సూపర్వైజరు ఆమెను చూసి తలుపు తనే తీశాడు. ఆరేళ్ళుగా ఎరిగిన మనిషి. ఎప్పుడూ అమ్మాయ్ అని పిలిచేవాడు.

ఆమె అంతా చెప్పేసింది. ఒక్క ముక్క దాచలేదు. అతను కోప్పడలేదు. ఇలాంటివి తనకు తెలియనివి కావన్నట్టు నిట్టూర్చి, కేసు సంగతి రేపు చూద్దాం, ముందు ఆ రికార్డు మూసేద్దామన్నాడు. చావు కాగితం లేదు కాబట్టి ఆ రికార్డు తెరిచే వేలితోనే దాన్ని మూయాలి.

"పెట్టమ్మాయ్."

ఎడమ చిటికెన వేలు గాజుపలక మీద ఒత్తింది. ఎర్రలైటు.

చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఒత్తింది. ఎర్రలైటు...

పోనీ నీ రికార్డు తెరువు, అందులోంచి చూద్దామన్నాడు. కుడి బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. చూపుడు వేలు... ఎర్రలైటు. పది వేళ్ళూ అయ్యాయి. వాన తడికి అలా అవుతుందిలే అని అతను ధైర్యం చెప్పాడు గానీ అతని గొంతులో తేడా వచ్చింది. పాప వేలు పెట్టించు, తల్లి గడిలో నీ వివరాలు వస్తాయి, వాటితో వెతుకుతానన్నాడు.

పిల్ల ముద్దుగా వేలు పెట్టింది. పచ్చలైటు వెలిగింది.

అతను తెర వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. మళ్ళీ తెర వైపు చూశాడు. తెర ఆమెకు కనబడకుండా మెల్లగా తన వైపు తిప్పుకున్నాడు.

"మీరు..." అని ఆగాడు. "మీరు పాపకి ఏమవుతారు?"

ఎప్పుడూ లేనిది మీరు అన్నాడు. అంతలో గదంతా అంట్ల సబ్బు వాసన కమ్ముకుంది. గాజు తలుపు పక్కనున్న చిన్న యంత్రం దానంతటది పచ్చగా వెలిగింది. తలుపు తెరుచుకుంది. అక్కడ ఎవరూ లేరు.

పిల్ల కుర్చీ దిగి, నవ్వుతూ, ఎడమ చెయ్యి పైకెత్తి నడిచింది. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

"బుడంకాయ్... ఆగు..."

తలుపు మూసుకుంది. ఆమె వెళ్ళి తలుపుకి కొట్టుకుంది. చిన్న యంత్రం మీద వేలు పెట్టింది. ఎర్రలైటు. ఇంకో వేలు. ఎర్రలైటు. గాజు అవతల పిల్ల రోడ్డు అంచున ఆగి, కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, బుద్ధిగా దాటుతోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తలుపు తీయండి సార్, తీయండి సార్ అని ఆమె అరుస్తూనే ఉంది. అతను దూరం నుంచే చెయ్యి చాపి, తన వేలు పెట్టి, వెంటనే పక్కకి తప్పుకున్నాడు.

ఆమె బయటపడింది. వాన తగ్గింది. అవతల బస్సు ఆగే చోట దీపం కింద పిల్ల నిలబడి ఉంది. ఒక్కతే. దేవుడా, ఒక్కతే ఉంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వచ్చే బండి, పోయే బండి చూడకుండా రోడ్డు దాటి, పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ చాపింది.

పిల్ల ఆ చేతుల వైపు చూసింది. తర్వాత తల పైకెత్తి, తన పక్కనున్న ఖాళీ చోటుని మెల్లగా అడిగింది.

"అమ్మా, ఈ అవ్వ ఎవరు?"

జవాబు ఏమొచ్చిందో వినబడలేదు. పిల్ల తల ఊపింది. ఒక అడుగు వెనక్కి వేసి, ఒళ్ళంతా బరువు వదిలేసి, ఆ ఖాళీ చోటుకి ఆనుకుంది.

పడిపోలేదు.