అలుగు అవతలి ఇల్లు

బడి వరండాలోని నాపరాతి బండల మీద ఊరు సగం తయారైంది. సుద్దముక్కతో పిల్లలు చెరువు గీశారు. దాని కట్ట, నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు, కట్ట కింద ఇంటికో గడి, మిట్ట మీద బడి గీశారు. ఇల్లిల్లూ చూసొచ్చి, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కందిగింజలు ఆ ఇంటి గడిలో పెడుతున్నారు.

"అలుగు అవతల రేకుల ఇల్లు ఎవరు చూసొచ్చిండ్రు?" కృపారాణి టీచర్ అడిగింది.

అది రుచిత వంతు. పొద్దున బయలుదేరింది కానీ, అలుగు దగ్గరికి రాగానే అవతల నల్లకుక్క మొరిగింది. అక్కడి నుంచే వెనక్కి వచ్చేసింది.

"తాళం ఉంది టీచర్. తాండూరు పోయినట్టున్నరు," అంది.

"కుక్కను చూసి ఉరికొచ్చినవా ఏంది?" రిత్విక్ నవ్వాడు.

"నాకేం భయం? తాళం చూసిన!"

ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి వాన ముదిరింది. సర్పంచ్ మల్లేశ్ తడుస్తూ వచ్చాడు.

"టీచరమ్మా, చెరువు నిండింది. కట్ట కిందోళ్లను అందరిని ఈడికే పంపుతున్న."

మూటలతో, మేకపిల్లలతో జనం వచ్చారు. ఒక్కొక్కరు రాగానే టీచర్ వాళ్ల గింజ తీసేస్తోంది. చివరి గింజ కూడా తీసి ఊపిరి పీల్చుకుంది.

"అందరొచ్చిండ్రు."

"మరి రేకుల ఇంటి అలీమాబీ?" అన్నాడు మల్లేశ్. "ఫోన్ చేస్తే కలుస్తలేదు."

"మనుమరాలిని తీసుకొని తాండూరు పోయిందంట. రుచిత చూసొచ్చింది."

"మంచిదైంది. అలుగు పారితే ముందు మునిగేది ఆ ఇల్లే."

మనుమరాలు సానియాను చంకనెత్తుకుని నడిచే అలీమాబీ రుచిత కళ్ల ముందు కదిలింది. చెప్తే రిత్విక్ నవ్వుతాడు. టీచర్ మళ్లీ ఎప్పటికీ నమ్మదు.

వానలోంచి, అలుగు అవతల నుంచి కుక్క అరుపు వినిపించింది. మళ్లీ మళ్లీ అరిచింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆ అరుపు కన్నా, అది ఆగిపోవడమే ఎక్కువ భయపెట్టింది.

"టీచర్... నేను పోలే!" రుచిత ముందుకొచ్చింది. "తాళం చూడలే. కుక్కకు భయపడి మర్లొచ్చిన. వాళ్లు ఆడనే ఉన్నరేమో!"

ఎవరూ తిట్టలేదు. తిట్టే టైం కూడా లేదు. మల్లేశ్ తాడు అందుకుని ఇద్దరు మగవాళ్లను వెంటబెట్టుకుని పరుగెత్తాడు. రిత్విక్ నవ్వలేదు. అలుగు హోరు పెరుగుతూనే ఉంది. రుచిత స్తంభాన్ని గట్టిగా పట్టుకుని దారి వైపే చూసింది. దారంతా వానే.

చాలాసేపటికి వానలో మనుషులు కనిపించారు. మల్లేశ్ భుజాల మీద సానియా. వెనక తాడు పట్టుకుని, నడుము దాకా తడిసిన అలీమాబీ. ఆమె వెనకే నల్లకుక్క.

"ఎంత పిలిచినా ఎవ్వరికి వినపడలే బిడ్డా," అలీమాబీ బండల మీద కూలబడింది. "మస్తు పరేషాన్ అయినం."

రుచిత కళ్లు దించుకుంది. తడికాళ్లకు సుద్దగీతలు చెరిగిపోయాయి. అలుగు అవతలి గడి ఇప్పుడు కనిపించనే లేదు. ఆమె సుద్దముక్క తీసుకుని వంగింది. గడి మళ్లీ గీసింది.

కుక్క దగ్గరికొచ్చి ఆమె చేయి వాసన చూసింది. రుచిత ఈసారి వెనక్కి తగ్గలేదు.

"అవ్వా," అని నెమ్మదిగా అడిగింది, "మీ ఇంట్ల ఎంతమంది ఉంటరు?"

"నేను, గీ పిల్ల. ఇద్దరమే బిడ్డా."

రుచిత రెండు కందిగింజలు గడిలో పెట్టింది.